రంగురంగుల సాలీడు ఏది తెచ్చుకోను, మాష్టారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కుక్కలూ చిలకలూ పక్కకి తప్పుకున్నాయి. నాలుగు ఉత్తరాలు సాలీళ్ల మీదే వచ్చాయి. పోయినసారి మా ఇంట్లో ఉన్న ఎర్రమోకాళ్ల సాలీడు గురించి ఒక ముక్క రాశాను, దాని ఫలితం. దీన్ని తెలుగులో ఏమనాలని ఒకరు అడిగారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి వాణ్ణి. జనం నోట నలిగిన మాటే నాకు మాట. ఒళ్లంతా నూగున్న ఈ పెద్ద సాలీళ్లని కుర్రాళ్లు ‘టరంటులా’ అంటున్నారు, నేనూ అదే రాస్తాను.

ప్రశ్న: మాష్టారూ, నమస్కారం. మాది కాశీనగరం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. టరంటులాని పెంచాలని ఏడాదిగా కోరిక. ఫోన్లో ఒకాయన ‘గుత్తి నీలం’ పిల్లని నాలుగు వేలకి పంపుతానంటున్నాడు. కోబాల్ట్ బ్లూ, గ్రీన్‌బాటిల్ బ్లూ, వెర్సికలర్, మెక్సికన్ రెడ్‌నీ కూడా ఉన్నాయట. నాకు రంగు బాగుండాలి. అమ్మకి భయం. నాన్నగారు ‘పెంచుకో గానీ హాల్లోకి తేకు’ అన్నారు. మాది రేకుల ఇల్లు. ఏది తెచ్చుకోమంటారు?

జవాబు: బాబూ, ముందు ఆ గుత్తి నీలం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ మనసు దాని మీదే ఉందని ఉత్తరం చూస్తేనే తెలిసిపోతోంది. నీలిరంగు కాళ్లు, వాటి మీద పసుపు మచ్చలు, వీపు మీద తెల్లని ఆకు ముగ్గు. అందం విషయంలో దానికి పోటీ లేదు, ఒప్పుకుంటాను. కానీ అది మనది. అమెజాన్ అడవిదో ఆఫ్రికాదో కాదు, అచ్చంగా మన తూర్పు కనుమలది. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. ఆయనకి అందిన సాలీడు అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిలవచేసే చోట దొరికింది. అందుకే గుత్తి పేరు దానికి అంటుకుపోయింది. అసలు ఇల్లు మాత్రం అక్కడ కాదు. దుంగలతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుంది పాపం. తరవాత వందేళ్లపాటు దాని జాడ లేదు. 2001లో గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల అవతల, నంద్యాల – గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. ముసలి చెట్ల తొర్రల్లో బతుకుతుంది. ఉన్న అడవి మొత్తం కలిపినా వంద చదరపు కిలోమీటర్లు లేదని, అదీ నరికేస్తున్నారని, 2008లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వారు దాన్ని అంతరించిపోయే ముప్పు బాగా ఎక్కువున్న జీవుల్లో చేర్చారు.

నీతో మాట్లాడే ఆయన ‘ఇది యూరప్‌లో పుట్టిన పిల్ల సార్’ అంటాడు. నిజం కావచ్చు, అక్కడ పంజరాల్లో చాలా పుట్టిస్తున్నారు. అలాగైతే దిగుమతి కాగితం చూపించమను. ఈ జాతి సాలీళ్లన్నీ 2019 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. వన్యప్రాణులతో దేశాల మధ్య జరిగే వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం అది. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించి సైటిస్ జాబితాని అందులోకి తెచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. కాగితం అడిగేసరికి ఆయన ఫోను పెట్టేస్తే నీ నాలుగు వేలూ మిగిలినట్టే. అడవిలో పట్టిన పిల్ల అయితే, నువ్వు కొన్నది ఒక్కటే అయినా దాని కోసం ఒక తొర్రని గునపంతో పగలగొట్టి ఉంటారు.

ఇంకో మాట. దానికి కాటు గట్టిది. మొదటిసారి పెంచేవాడి చేతిలో పెట్టదగ్గ ప్రాణి కాదు. మెరుపులా పరిగెడుతుంది. మూత తీసిన క్షణానికి నీ మోచేతి మీద ఉంటుంది.

కోబాల్ట్ బ్లూ బర్మా, థాయిలాండుల ప్రాణి. అది కొన్నవాళ్లు చూసేది మట్టి. నిజం చెబుతున్నాను. లోతుగా బొరియ తవ్వుకుని పగలంతా అందులోనే. రాత్రి పన్నెండుకి చప్పుడు చెయ్యకుండా ఎర్ర లైటు వేసి చూస్తే రెండు నీలం కాళ్లు కనబడవచ్చు. కోపం మాత్రం ముక్కు మీదే. డబ్బులు పెట్టి మట్టిడబ్బా కొనుక్కోవడం దేనికి?

వెర్సికలర్ కరీబియన్ దీవుల్లో మార్టినీక్ నుంచి వచ్చింది. పిల్లగా ఉన్నప్పుడు నిలువెల్లా నీలం, పెద్దయ్యాక ఆకుపచ్చ, ఎరుపు, ఊదా. ఒకే ప్రాణిలో రెండు జన్మల రంగులు. చెట్టెక్కే రకం కాబట్టి డబ్బా నిలువుగా ఉండాలి. తేమా కావాలి, గాలీ ఆడాలి. తేమ ఉంచి గాలి ఆపితే నాలుగు రోజుల్లో ముడుచుకుపోతుంది. నా దగ్గర ఒకటుండేది. అది పోయిన తీరు కింద చెబుతాను, ఎందుకంటే నీకు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ఇక మా ఇంట్లోది. 2021లో నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని, హాస్టల్లో ఉంచుకోనివ్వరని, రెండు డబ్బాలు తెచ్చి మా వసారాలో పెట్టి వెళ్లాడు. ఒకదాంట్లో ఆ వెర్సికలర్, ఇంకోదాంట్లో మెక్సికన్ రెడ్‌నీ. నల్లటి ఒళ్లు, మోకాళ్ల దగ్గర నిప్పుకణికల్లాంటి నారింజ ఎరుపు. ఉగాది పచ్చడి గిన్నెంత ఉంది. ఆడో మగో తెలీదన్నాడు. ఆ వానాకాలంలో అది కుబుసం విడిచింది. వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకి పెట్టి, మా ఆవిడ ‘పోయిందండీ’ అని దీపం పెట్టబోయేంతగా కదలకుండా ఉండి, సాయంత్రానికి పాత చర్మంలోంచి చొక్కా విప్పినట్టు బయటికొచ్చింది.

ఆ పొర తీసి నేను చేసిన పని చెబుతాను, నువ్వూ చెయ్యగలవు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి పొరని నానబెట్టాను. ముడతలు మెత్తబడ్డాక గాజుపలక మీద వేసి, పిల్లల పెయింటింగ్ బ్రష్షుతో పొట్ట భాగాన్ని మెల్లగా విప్పాను. లోపలివైపు నాలుగు తెల్లటి మచ్చలు కనబడతాయి, అవి ఊపిరితిత్తుల ఆనవాళ్లు. పై రెంటికీ మధ్యన ఒక అడ్డగీత ఉంటుంది. కాలేజీలో కప్పల్ని కోసిన రోజుల నాటి నా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ఆ గీత అంచున చిన్న పలకలాంటిది లేచి ఉంది. ఆడదైతేనే అది ఉంటుంది. అప్పటిదాకా ‘అది’ అని పిలిచేవాళ్లం. ఆ పూట నుంచి సీతాలు.

ఆడదా మగదా అన్నది నీకెందుకంటావా? ఎర్రమోకాళ్ల ఆడది ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. మగది పెద్దయ్యాక ఏడాదో కాస్త ఎక్కువో, అంతే. అమ్మేవాళ్లు వేలిగోరంత పిల్లని ‘స్లింగ్’ అంటారు. అంత చిన్నదాన్ని చూసి ఆడా మగా చెప్పడం ఎవరివల్లా కాదు. ‘గ్యారంటీ ఆడది’ అని రెట్టింపు ధర చెబితే నవ్వి ఊరుకో.

సీతాలు లాంటిది ఇరవై ఏళ్లు బతికితే నువ్వప్పటికి నలభైకి దగ్గరపడతావు. నువ్వు పీజీకి విశాఖ వెళ్తావు, తరవాత ఎక్కడో ఉద్యోగం. డబ్బా మీ అమ్మగారి నెత్తిన పడుతుంది. మా విద్యార్థి నా నెత్తిన పెట్టినట్టు. అందుకే ముందు ఆవిడ చేత ఒకసారి నీళ్లమూత నింపించు. ఆ పని ఆవిడ చెయ్యగలిగితేనే ముందుకెళ్లు.

నీకు రంగు కావాలి, ఎప్పుడు చూసినా కనబడాలి, మొదటిసారి. ఈ మూడూ కలిపితే నా ఓటు గ్రీన్‌బాటిల్ బ్లూకి. వెనిజులాలో పరగ్వానా అనే ఎండు ద్వీపకల్పం దాని ఊరు. నీలం కాళ్లు, ఆకుపచ్చ ఛాయ వీపు, నారింజ రంగు పొట్ట. ముఖ్యంగా అది దాక్కోదు. డబ్బా నిండా తెల్లటి గూడు అల్లి, దాని మీదే పట్టుపరుపు మీద జమీందారులా కూర్చుంటుంది. ఎండు వాతావరణంలోది కాబట్టి తేమ కోసం నీళ్లు చిలకరించే బాధ లేదు, ఒక మూలన నీళ్లమూత చాలు. రెండు మూడేళ్లలో పెద్దదవుతుంది. ఎర్రమోకాళ్లది అందుకు ఆరేడేళ్లు తీసుకుంటుంది. దోషం ఒకటుంది, కాస్త ఉలికిపాటు ఎక్కువ. ఉలిక్కిపడితే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు విదిలిస్తుంది. మన దూలగొండి కాయ నూగు తెలుసుగా, అదే బాపతు దురద. ఒకసారి సీతాలు డబ్బా శుభ్రం చేసి, చేతులు కడగకుండా భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాను. మూడు రోజులు కొబ్బరినూనె రాసుకుంటూ తిరిగాను. ఆ తువ్వాలు ఉతికిన మా ఆవిడ సంగతి రాయను.

కొత్తవాళ్లకి ఎక్కువమంది చెప్పేది ఎర్రమోకాళ్లదే. తాపీ ప్రాణి. తప్పు లేదు. అది సైటిస్‌లో ఉంది కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో రిజిస్టరు చేయించాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఆ దరఖాస్తు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి వెళ్తుంది, మనకి భువనేశ్వర్. విదేశీ ప్రాణుల్ని పెంచేవాళ్లు తమంతట తామే చెప్పుకొమ్మని 2020లో కేంద్రం ఇచ్చిన అవకాశంలో సీతాలుని మా విద్యార్థి చూపించి ఉన్నాడు కాబట్టి నాకు పని తేలికైంది. నువ్వు ఏ రకం కొన్నా, జాబితాలో ఉందో లేదో చూసుకుని, బిల్లూ దిగుమతి కాగితం నకలూ చేతిలో పడ్డాకే డబ్బు పంపు. ఫారెస్టు ఆఫీసులో అడిగితే కసరరు. మహా అయితే ‘సాలీడుకి కాగితాలేంటి’ అని నవ్వుతారు, అంతే.

ఇప్పుడు నీ ఇంటి సంగతి. డబ్బాలోకి కొబ్బరి పొట్టు (ఎరువు కలపనిది), దాక్కోడానికి అడ్డంగా కోసిన కొబ్బరి చిప్ప, సోడా సీసా మూతలో నీళ్లు. ఖర్చు ఇంతే. డబ్బా ఎత్తు తక్కువుండాలి. నేల మీద తిరిగే సాలీడు జానెడు ఎత్తు నుంచి పడినా పొట్ట పగిలిపోవచ్చు. వారానికో ఇలకోడి చాలు. తినకపోతే మర్నాడు తీసెయ్. కుబుసం విడిచే రోజుల్లో డబ్బాలో పురుగు ఉంటే అదే సాలీడుని కొరికేస్తుంది. విడిచాక కూడా కోరలు గట్టిపడేదాకా ఓ పదిరోజులు పస్తే.

రేకుల ఇల్లన్నావు. మేలో మధ్యాహ్నం మీ ఇంట్లో పైఅటక అప్పడాలపొయ్యి. డబ్బాని కింద, నేలకి దగ్గరగా, నీళ్లకుండ పెట్టే మూలన ఉంచు. చీమలు ఇంకో శత్రువు. మా అమ్మ జంతికల డబ్బాకి చేసినట్టే చేశాను. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యన ఇటుక పెట్టి, దాని మీద డబ్బా.

వెర్సికలర్ మాట బాకీ ఉన్నాను కదూ. మన జిల్లాల్లో మలేరియా సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆరోగ్యశాఖ వాళ్లు ఏటా గోడలకి మందు కొట్టడానికొస్తారు. రావాలి కూడా. ఆరోజు నేను పెన్షన్ పనిమీద బరంపురం వెళ్లాను. సీతాలు డబ్బా పెరటి గదిలో ఉంది, వెర్సికలర్ది వసారాలోనే మర్చిపోయాను. సాయంత్రం వచ్చేసరికి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. మర్నాడు దాని కాళ్లు తాగినవాడి కాళ్లలా తడబడ్డాయి. ముందుకి వెయ్యబోయి పక్కకి వేస్తోంది. వణుకుతోంది. మూడోరోజు పొద్దున డబ్బా అడుగున ముడుచుకుపోయి ఉంది. మందు కొట్టినవాళ్లది తప్పు కాదు, గోడకి ఆనించి వదిలేసిన నాదే. పురుగుని చంపే మందు సాలీడునీ చంపుతుంది. బొద్దింకల స్ప్రే, దోమల చుట్ట, ప్లగ్గుకి పెట్టే మందు, అన్నీ అంతే. ఇంట్లో దొరికిన బొద్దింకని మేతగా వెయ్యకు, అది ఎక్కడ ఏ మందు నాకి వచ్చిందో! ఇలకోళ్లని కోడిగుడ్ల అట్టలు వేసిన బకెట్లో నువ్వే పెంచుకో. రాత్రిళ్లు మీ ఇంట్లో దోమల చుట్ట లేనిదే పడుకోరంటే, దోమతెర కొనేదాకా సాలీడుని కొనకు.

ప్రశ్న: మాది గునుపురం. మా అబ్బాయి టరంటులాని చేతిమీద ఎక్కించుకుని వీడియోలు తీస్తున్నాడు. కుడితే ప్రాణం పోతుందా మాష్టారూ? టెన్షన్‌తో నిద్రపట్టడం లేదు.

జవాబు: అమ్మా, టరంటులా కాటుకి మనిషి చనిపోయినట్టు నమ్మదగిన దాఖలా లేదు. అమెరికా ఖండాల రకాలైతే తేనెటీగ కుట్టినంత. ఆసియా, ఆఫ్రికా రకాలు గట్టివి, మన గుత్తి నీలం బంధువులు కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడతాయి. మీ అబ్బాయి దగ్గరున్నది ఏ రకమో పేరు రాసి పంపమనండి. కాటుకన్నా నాకు కంటి భయం ఎక్కువ. ఆ నూగు కంట్లో పడితే నల్లగుడ్డులో గుచ్చుకుంటుంది. నలపకుండా కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వీడియో కోసం మొహం దగ్గర పెట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. సాలీడుకి మనిషి చెయ్యి కొమ్మతో సమానం, దానికి ప్రేమా లేదు, సరదా లేదు. చేతి మీంచి పడితే చచ్చేది అదే.

ప్రశ్న: నేను రాయగడలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. సాలీడు నీలంగా ఎందుకుంటుంది సార్? దానికి రంగులు కనబడతాయా?

జవాబు: తల్లీ, ఇంటి దగ్గర ఒక పని చెయ్యి. రాలిన నెమలి ఈక ఎవరి దగ్గరైనా ఉంటే, పాతదాంట్లోంచి ఒక్క పోగు తీసి రోట్లో నూరు. నీలం ఎక్కడికి పోయిందో చూడు, గోధుమరంగు పొడి మిగులుతుంది. ఎందుకంటే ఆ నీలం రంగుద్రవ్యం కాదు. ఈకలో కంటికి కనబడనంత సన్నని పొరలుంటాయి. వాటి మీద పడ్డ వెలుతురులో నీలం మాత్రం ఎక్కువగా తిరిగొస్తుంది. సబ్బు బుడగ మీద రంగులు వచ్చేదీ ఇలాంటి కారణానికే. టరంటులా వెంట్రుకల్లో కూడా అలాంటి ఏర్పాటే ఉంది. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఈ నీలం టరంటులాల్లో కనీసం ఎనిమిదిసార్లు వేరువేరుగా పుట్టింది. ఒకదాన్ని చూసి ఇంకోటి నేర్చుకోలేదు, ఎవరి దారిన వారు అక్కడికే చేరారు. దానికి ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతమాత్రం. లోకాన్ని ఎక్కువగా కాళ్ల కింది అదురుతోనే తెలుసుకుంటుంది. మరి ఆ నీలం ఎవరి కోసం? పెద్దవాళ్లు ఇంకా దీనిమీదే వాదించుకుంటున్నారు. నువ్వు పెద్దయ్యాక వాళ్లలో కలువు.

ప్రశ్న: పొట్టంగి దగ్గర మాకు కాఫీ తోట ఉంది. పాత పనసచెట్టు తొర్రలో అరచెయ్యంత బూడిదరంగు సాలీడు ఉంది. వీపు మీద ఆకులాంటి ముగ్గు. కదిపితే ముందు కాళ్లు ఎత్తింది, వాటి అడుగున పసుపు. పట్టి అమ్మితే డబ్బులొస్తాయని పనివాళ్లు అంటున్నారు. చెట్టు ఎలాగూ కొట్టించేద్దామనుకుంటున్నాం. ఫొటో పంపుతున్నాను.

జవాబు: అయ్యా, పట్టకండి, కర్రతో కదపకండి. ముందు కాళ్లెత్తి పసుపు చూపించిందంటే ‘దగ్గరికి రాకు’ అని చెప్పింది. మీరు చెప్పినదాన్నిబట్టి గుత్తి నీలానికి దగ్గర చుట్టమే అయ్యుండాలి. ఈ చుట్టాలకి విదిల్చే నూగు లేదు, నేరుగా కోరలే. మీ కొండకి అవతలవైపు అనంతగిరిలో ఇలాంటి జాతి ఒకటి ఉందని 2006లో శాస్త్రలోకానికి తెలిసింది. అరకు దాటితే మీ పొట్టంగేగా, దానికి రాష్ట్రం సరిహద్దు బోర్డు చదవడం రాదు. అమ్మకం సంగతికి పై కాశీనగరం కుర్రాడికి రాసిన జవాబు చూడండి.

చెట్టు సంగతంటారా, తొర్రపడ్డ పనస కలపకి పనికిరాదు. కోత కూలీ కూడా గిట్టదు. కాఫీకి నీడ ఎలాగూ కావాలి కదా, ఉండనివ్వండి. మీరు పంపిన ఫొటో పగటిపూటది, తొర్రలో నీడ తప్ప ఏమీ తెలియడం లేదు. రాత్రి ఎనిమిది దాటాక వెళ్లండి, అప్పటికి అది తొర్ర అంచున కూర్చుని ఉంటుంది. రెండు బారల దూరం నుంచి పక్కవాటంగా టార్చి వేసి, ముందు కాళ్ల అడుగు పడేలా ఒకటి, వీపు ముగ్గు పడేలా ఒకటి తీసి పంపండి. చూసి వచ్చే నెల రాస్తాను.